హన్నమ్మ పిడికిలి

నంద్యాల
10-8-1986

అక్కా,

కండక్టరు యాకోబు నీ క్యారియరు ఇచ్చి వెళ్లాడు. అందులోని బెల్లం ఓళిగలు అలాగే తిరిగి పంపుతున్నాను. ముట్టుకోలేదు. నేను తినకూడదు. ఆపరేషనై రెండు నెలలు నిండాయని చేసి పంపావు. డాక్టరు లెక్కలో రెండు నెలలంటే ఇంకా మొదలే.

నీకు సరిగా చెప్పలేదేమో. మద్రాసులో నా కడుపు తీసెయ్యలేదు. ఒళ్లు తగ్గడానికి పైభాగాన చిన్న సంచి అంత వదిలి, మిగతాది ఇనుప కుట్లతో మూశారు. ఆ సంచిలో పట్టేదే నా భోజనం. ఎక్కువైతే వాంతి. తీపి వద్దు, నూనె వద్దు. ముద్ద ముప్పైసార్లు నమలాలి. తింటూ నీళ్లు తాగకూడదు. రోజుకు ఆరుసార్లు కొద్దికొద్దిగా తినాలి. గుడ్డు, పప్పు మానకూడదు. పొద్దునా సాయంత్రం నడవాలి. ఇంతే.

వెళ్లేటప్పుడు నూట ఇరవై నాలుగు కిలోలు. నిన్న రైల్వే స్టేషన్లో తూకం మిషను మీద నూట ఎనిమిది. టికెట్టు వెనక నాకు త్వరలో వివాహయోగం అని అచ్చువేసి ఉంది. చించి పారేశాను.

ఈ ఆపరేషను హన్నమ్మ పట్టుదల. కిందటి డిసెంబరులో ఆమే డాక్టరుకు ఉత్తరం రాసి నా పేరు రాయించింది. కట్టుకున్నవాణ్ణి, నేనే ముందు పోతానని ఆమె భయం. ఫిబ్రవరిలో నాలుగు రోజుల జ్వరంతో ఆమే పోయింది. మద్రాసు నుంచి జవాబు ఆమె పేరున మే నెలలో వచ్చింది. ఆమె రాసిన ఉత్తరానికి జవాబు కనుక వెళ్లాను.

కాలేజీ తెరిచారు. లెక్కల పాఠాలు నిలబడే చెబుతున్నాను. నువ్వు రావలసిన అవసరం లేదు. బావను అడిగానని చెప్పు.

జకరయ్య


ఆళ్లగడ్డ
19-8-1986

నాయనా జకరయ్యకు,

దేవుని దయవల్ల ఈడ మేము బాగుండాము. ఆడ నువ్వు బాగుండావో లేదో నీ జాబు చూస్తే తెలియలేదు. జాబంతా డాక్టరే ఉండాడు, నువ్వు యాడా లేవు.

క్యారియరు ముట్టింది. మూత తీస్తే నేను సర్దిన ఓళిగలు సర్దినట్లే ఉండాయి. మీ బావ కుర్చీలో కూర్చోని నాలుగు తిని, “జకరయ్య ఇంగొకతూరి కోయించుకుంటే నాకింకా బాగుంటాది” అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

నీ పాత ప్యాంటు పంపినావు కదా, ఆయన దాన్ని ఒంటికి పెట్టుకొని, “దేవమ్మా, దీంట్లో మనిద్దరం పట్టేటట్లుండామే, రా” అంటాండాడు. కండ్ల ఆపరేషనైన కాన్నుంచి మాటలు ఎక్కువైనాయి.

నీకు నామీద కోపముంటే రాయి. ఆపరేషను వద్దన్నదాన్ని నేనే. దేవుడిచ్చిన కడుపును కుట్టించుకునేదేందని మీ ఇంట్లోనే అరిచినా. అది మనసులో పెట్టుకున్నావా? హన్నమ్మ నలభై దినాల కూడిక కాంగానే బస్సెక్కినానని పెట్టుకున్నావా? ఈడ మీ బావ కండ్లు కనపడక కూర్చోనుండె, నేనేం చేసేది? దానికి ఓళిగలు తిరగ్గొట్టేది యాల?

ఇంగొక మాట. హన్నమ్మ ఎసరు పెట్టిన ప్రతితూరీ ఒక పిడికిలి బియ్యం తీసి, దేవునికని గూట్లో కుండలో వేస్తాండె. నెలకు మొదటి ఆదివారం ఆ బియ్యం గుడికి పోతాండె. నేను ఈడ ఇరవై ఏండ్లుగా ఇల్లిల్లూ తిరిగి పిడికిలి బియ్యం ఎత్తేదాన్ని. ఆడ నా తమ్ముని ఇంట్లోనే ఆ పని నిల్చిపోతే నాకు నామోషి. ఇప్పుడు నువ్వే కదా వండుకునేది, నువ్వే వేయాల. కుండలో ఉండేటివి గుడికి ఇచ్చినావా? లేదంటే చెప్పు, నేనొచ్చి ఎత్తుకపోతా.

బేగా జవాబు రాయి. డాక్టరు సంగతి కాదు, నీ సంగతి.

నీ అక్క
దేవమ్మ


నంద్యాల
2-9-1986

అక్కా,

కోపం లేదు. నలభై రోజులు నువ్వు ఉండకపోతే ఆ ఇంట్లో నేను ఉండగలిగేవాణ్ణి కాదు. ఇది ముందే రాయవలసింది.

నా సంగతి రాయమన్నావు. పిడికెడు బియ్యం మెత్తగా వండితే రోజంతా వస్తుంది. మొదట్లో పాత అలవాటున ఇద్దరికి సరిపడా ఎసరు పెట్టేవాణ్ణి. రెండో మనిషి ఆమె కాదు, నా పాత ఆకలి. మిగిలినది పక్కింటి రామేశ్వరమ్మ గారి బర్రెకు పోయింది. బర్రె బాగుంది.

ఆకలి ముందే తీరిపోతుంది. చేతికి ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. మళ్లీ తట్టలోని అన్నంలోకి వెళుతుంది. దాన్ని ఆపడమే నా పని.

నాయన పోయిన ఏడు నీకు గుర్తుందా? నీ సంగటి ముద్దలో సగం తుంచి నా తట్టలో వేసేదానివి. అమ్మ చూసేలోపల మింగేసేవాణ్ణి. నమలకుండా తినడం అక్కడ నేర్చుకున్నాను. నిన్ను అనడం లేదు. యాభై రెండేళ్లకు నమలడం నేర్చుకుంటున్నానని చెప్పడం, అంతే.

హన్నమ్మ నా ఎదురుగా కూర్చుని బడి సంగతులు చెబుతూ తినేది. నేను ముగించి చెయ్యి కడుక్కునేసరికి ఆమె తట్టలో సగం ఉండేది. “ఒక్క దినమన్నా నాతోపాటు లేస్తారా మీరు?” అనేది. ఇప్పుడు నాకు అరగంట పడుతోంది. ఆమెతోపాటే లేచేవాణ్ణి.

కుండ ఉన్నచోటే ఉంది. దాని సంగతి తర్వాత రాస్తాను. బియ్యం పంపకు, ఇంట్లో ఉన్నాయి.

నీ తమ్ముడు
జకరయ్య


ఆళ్లగడ్డ
24-9-1986

జకరయ్యా,

ఈ జాబు కోపంగానే రాస్తాండా.

మీ రామేశ్వరమ్మ వాళ్ల చెల్లెలి కూతురు పెండ్లికి ఈడికొచ్చింది. బజార్లో కనపడింది. “మా తమ్ముడు ఎట్లుండాడు తల్లీ?” అని అడిగినా.

“ఏం చెప్పాల్నమ్మా. తట్ట ముందర పెట్టుకొని కండ్లు మూసుకుంటాడు. ప్రార్థన చేస్తాండాడేమోలే అని నేను గడపలోనే నిలబడితి. ఎంతసేపటికీ ఆమెన్ అనడు. పోయి చూస్తే నమల్తాండాడు.”

ఇద్దరం నవ్వినాము. ఆ తర్వాత ఆమె నవ్వు ఆపి, “అన్నం రోజూ వండడమ్మా. స్టవ్వు పంపు కొట్టే సప్పుడు మా ఇంట్లోకి వినపడతాది. దినం మార్చి దినం వినపడతాంది. చొక్కా వంకెకు తగిలించినట్లుండాడు” అన్నది. నా చేతిలో కూరగాయల సంచి ఆన్నే పెట్టి కూర్చుంటి.

రోజంతా వస్తుందని రాస్తివి. ఇదా వచ్చేది? డాక్టరు రోజూ ఆరుసార్లు తినమంటే నువ్వు దినం మార్చి దినం వండుతావా? నేను నీ మాదిరి చదువుకోలేదు కాని పిచ్చిదాన్ని కాదు. ఆపరేషను పేరు చెప్పి ఉపాసముండి, హన్నమ్మ దగ్గరికి పోవాలని చూస్తాండావు. ఆమె నిన్ను బతికించాలని మద్రాసుకు జాబు రాసింది. నువ్వు ఆ జాబునే అడ్డం పెట్టుకొని చావాలని చూస్తాండావు.

యాకోబు బస్సు మీద పది శేర్లు కొత్త బియ్యం వేసి పంపుతాండా. తిరిగి పంపితే నేను మీ ఇంటికొచ్చి పడుకుంటా, లేయను.

దేవమ్మ


నంద్యాల
8-10-1986

అక్కా,

బియ్యం చేరాయి. తిరిగి పంపలేదు. మూట వంటింట్లో మూలన ఉంది.

చావాలని లేదు. చావాలనుకున్నవాడు రోజూ పొద్దున కాలువ గట్టు మీద మూడు మైళ్లు నడవడు. వంట రోజూ చేయకపోవడానికి వేరే కారణం ఉంది. ఆ రోజుల్లో ముందురోజు కాచిన జావ, మజ్జిగ తాగుతున్నాను.

తొంభై ఆరుకు దిగాను. జుట్టు కొంచెం రాలుతోంది. చలి ఎక్కువగా వేస్తోంది. కాలేజీలో ఇంగ్లీషు చెప్పే నరసింహులు నన్ను వెనక నుంచి చూసి కొత్త లెక్చరరు అనుకుని పరిచయం చేసుకోబోయాడు.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇరవై ఏళ్లు నా బూట్ల లేసులు హన్నమ్మ కట్టింది. నేను వంగలేకపోయేవాణ్ణి. రోజూ తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుని కాళ్లు ముందుకు చాపేవాణ్ణి. ఆమె కింద కూర్చుని కట్టి, బూటు మీద అరచేత్తో ఒకసారి తట్టి, “పోండి” అనేది. కిందటి వారం మొదటిసారి వంగి నేనే కట్టుకున్నాను. బాగా వచ్చింది. లేచి వాకిలి దాకా వెళ్లి ఆగిపోయాను. ఎవరో ఏదో అనాలి, అప్పుడు కదా బయలుదేరేది.

ఆ రోజు ఒక పీరియడు ఆలస్యంగా వెళ్లాను.

జకరయ్య


ఆళ్లగడ్డ
2-11-1986

జకరయ్యా,

కార్డు ముక్కే రాస్తాండా. నరసింహులు సారు మీ బావకు జాబు రాసినాడు. బోర్డు మీద లెక్క రాస్తా రాస్తా పడిపోయినావంట. పిల్లోళ్లు మోసుకపోయి ఆస్పత్రిలో పండబెట్టినారంట. నువ్వు మాత్రం ఒక్క ముక్క రాయలేదు. శుక్రవారం పొద్దున బస్సుకు వస్తాండా. ఇంగ నీ మాట వినేది లేదు.

అక్క


నంద్యాల
4-11-1986

అక్కా,

ఇది యాకోబు చేతికే ఇస్తున్నాను. పోస్టులో వేస్తే నువ్వు బయలుదేరాక అందుతుంది.

రావద్దు. కారణం చెబుతాను. చెప్పాక కూడా నువ్వు రావాలనుకుంటే రా.

ఆగస్టులో డబ్బాలో బియ్యం అయిపోయాయి. బజారుకు వెళ్లే ఓపిక లేక గూట్లో కుండ దించాను. మూత తీస్తే బియ్యం మీద వేపాకు ఎండి ఉంది. పురుగు పట్టకుండా హన్నమ్మ వేసిన ఆకు. కింద అన్నీ ఆమె పిడికిలితో తీసి వేసిన బియ్యం. ఆమె చెయ్యి నా చేతిలో సగం ఉంటుందని లెక్కవేసి, నా పిడికిలిలో సగం తీసి వండాను. ఆ రోజుకు సరిగ్గా సరిపోయింది. ఒక మెతుకు మిగల్లేదు, ఒక మెతుకు తక్కువ కాలేదు. వాంతి కాలేదు. పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో నేను మొదటిసారి సరిపడా తిన్నది ఆ రోజే.

మర్నాడు బజారుకు వెళ్లగలను. వెళ్లలేదు.

దేవుని బియ్యమని తెలుసు. తెలిసే తిన్నాను. దానికి జవాబు నేను చెప్పుకుంటాను.

సెప్టెంబరుకు కుండ సగానికి దిగింది. భయమేసింది. అవి అయిపోతే ఈ ఇంట్లో ఆమె చెయ్యి పెట్టింది ఇంకేమీ మిగలదు. చీరలు నువ్వు పంచేశావు. అది తప్పు అనడం లేదు, పంచాలి. రోజుకొకసారి వండేదాన్ని రెండు రోజులకొకసారి చేశాను. అక్టోబరులో మూడు రోజులకు. వేరే బియ్యం తేవడానికి మనసొప్పలేదు. గుడ్లు, పప్పు కూడా అట్లాగే మానేశాను. పడిపోయింది అందుకే. ఆపరేషను తప్పు కాదు, డాక్టరు తప్పు కాదు.

ఇంకా పదకొండు రోజుల బియ్యం ఉన్నాయి. నువ్వొస్తే ముందు గూట్లోకి చూస్తావు. కుండ ఎత్తుతావు. నీ పని అది. ఎత్తకుండా ఉండలేవు. అందుకే ఇన్నాళ్లూ రావద్దన్నాను.

పదకొండూ అయ్యాక రా.

జకరయ్య


ఆళ్లగడ్డ
17-11-1986

నాయనా,

శుక్రవారం బస్టాండు దాకా వచ్చి, ఆన్నే యాకోబు ఇచ్చిన నీ జాబు చదువుకొని, మళ్లీ ఇంటికి పోయినా. పది దినాలైంది. రోజూ కాగితం ముందరేసుకుంటాండా. మీ బావ “చెప్పొద్దు, ఆ పదకొండు దినాలు పోనీ” అన్నాడు. “ఆ పదకొండు దినాల్ని వాడు పదకొండు వారాలు చేస్తాడు, ఆ లోపల మనిషే పోతాడు” అన్నా. నువ్వు నన్ను తిట్టుకుంటే తిట్టుకో, చెప్తాండా.

ఆ బియ్యం హన్నమ్మవి కావు.

మార్చి రెండో తేదీ మొదటి ఆదివారం. ఆమె పోయి మూడు వారాలు. నువ్వు మంచం దిగలేదు. నేను కుండ దించినా. అందులో ఆమె చివరి నెల వేసిన బియ్యముండె. ఆమె ఇవ్వాల్సింది ఆమెదిగానే పోవాలని, ఆమె పాత చీర చెంగు చించి అందులో మూట కట్టి, నెత్తిన పెట్టుకొని గుడికి పోయినా. బల్ల మీద పెట్టి “హన్నమ్మది” అన్నా. పాస్టరమ్మ ఏడ్చింది. గుడి వెనక సందులో ఓబులమ్మని ఒకామె ఉండాది, కూలిపని. ఆమె అప్పుడు బాలింత. మొగుడు ఊర్లో లేడు, ఇంట్లో గింజ లేదు. ఆ బియ్యం ఆమెకు ఇచ్చినారు.

ఇంటికొచ్చి కుండ కడిగి ఎండబెట్టినా. ఆ సాయంత్రం నుంచి నేనున్నన్నాళ్లూ పూటపూటకూ వేసినా. వేపాకు వేసింది నేనే. నీ చెట్టుదే, పెరట్లోది. పోయేటప్పుడు కుండ సంగతి నీకు చెప్పాలనుకున్నా. నువ్వు గోడకు తిరిగి పండుకోనుంటివి. చెప్పలేదు. నా తప్పు అదే.

ఆగస్టు నుంచి నువ్వు తింటాండేది నా పిడికిలి. మొద్దు పిడికిలి, కోత పని చేసిన చెయ్యి. ఆమెది అట్ల ఉండదు. నా పిడికిలి కన్న చాన చిన్నది. గాజులంగడిలో ఆమె చేతికి పిల్లకాయల సైజు గాజులు తీస్తాండ్రి.

ఇంతే. దేవుని బియ్యం తిన్నానని కుమిలిపోవద్దు. నా తమ్ముడు తిన్నాడని దేవునికి నేను చెప్పుకుంటా. నువ్వు గుడ్డు తిను. పప్పు తిను.

దేవమ్మ


ఆళ్లగడ్డ
15-12-1986

జకరయ్యా,

నెలైంది. నీ జాబు లేదు. యాకోబును అడిగితే, కాలేజీకి పోతాండాడు, నడుస్తాండాడు, పలకరిస్తే తల ఊపుతాడు అంటాడు. నీకు నిజం చెప్పకుంటే బతికుంటావనుకొని ఒకతూరి, చెప్తే బతుకుతావనుకొని ఒకతూరి, రెండు విధాలా నిద్ర పోయింది నాకే. తిడుతూనన్నా ఒక కార్డు రాయి.

అక్క


నంద్యాల
2-2-1987

అక్కా,

ఆలస్యమైంది. కోపం వల్ల కొంత, సిగ్గు వల్ల ఎక్కువ.

నీ ఉత్తరం చదివి కుండ మీద మూత పెట్టి మళ్లీ గూట్లో పెట్టేశాను. నెల పైగా దాన్ని చూడలేదు. అది ఒట్టి కుండ అయిపోయింది. నీ మూట విప్పాను. కొత్త బియ్యం పిడికెడు, గుడ్డు, పెసరపప్పు, రోజూ. డాక్టరు రాసిచ్చిన కాగితం గోడకు అంటించి దాని ప్రకారం తింటున్నాను. రుచి లేదు. తిన్నాను.

డిసెంబరు ఆఖరులో ఒక పొద్దున నడకకు వెళ్లి, కాలువ వైపు తిరగకుండా గుడి వెనక సందులోకి తిరిగాను. ఓబులమ్మ ఇల్లు అడిగితే చూపించారు. ఏం చెప్పాలో అనుకోలేదు. ఆమె రుబ్బురోలు దగ్గర ఉంది.

“ఎవురు సార్ మీరు?” అంది.

“హన్నమ్మ టీచరు ఇంటాయన.”

ఆమె లేచి చెయ్యి కడుక్కుని లోపలికి పోయి, బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. అడగలేదు, పెట్టింది. ఆడపిల్ల. పది నెలలు. నా చొక్కా గుండీ పీకుతూ కూర్చుంది. చాలా బరువుంది అక్కా. నేను వదిలించుకున్న బరువంతా ఎక్కడికి పోయిందో అనుకునేవాణ్ణి. చేతులు నొప్పెట్టేదాకా ఎత్తుకుని నిలబడ్డాను.

“టీచరమ్మ బియ్యంతో నాకు పాలు పడినాయి సార్” అంది. “ఇట్ల సన్నబడిపోయినారేంది? తింటాండారా?”

తింటున్నానని చెప్పాను. అంతవరకు కాగితం ప్రకారం మింగాను; చెప్పాక అది నిజం చేయవలసి వచ్చింది.

ఇంటికొచ్చి కుండ దించాను. అప్పటికి మిగిలిన ఏడు రోజుల బియ్యం ఏడు రోజుల్లో వండుకున్నాను. నీవని తెలిసి తిన్నాను. సంగటి ముద్ద తుంచి వేసినప్పుడు నీకు ఒక్కసారి కూడా దండం పెట్టలేదు. మింగేసి పరిగెత్తేవాణ్ణి. ఇవి నమిలాను.

కుండ కడిగి ఎండబెట్టాను. జనవరి మొదటి నుంచి ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికిలి వేస్తున్నాను. నేను వండుకునేదీ అంతే కనుక, ఇంట్లో ఇద్దరి కొలత పడుతోంది. నిన్న మొదటి ఆదివారం. కుండ నేనే గుడికి మోసుకుపోయాను. ఇది వరకు తిన్నదానికి బదులుగా నీ మూటలో నుంచి నాలుగు శేర్లు కలిపాను. పాస్టరమ్మ ఎవరిదని అడిగింది. దేవమ్మది కొంత, నాది కొంత అన్నాను.

బరువు ఎనభై తొమ్మిది. జుట్టు మళ్లీ వస్తోంది. లేసులు కట్టుకుని నా బూటు నేనే తట్టుకుంటున్నాను. నవ్వుకో.

ఒక్కటి మాత్రం తెగడం లేదు. ఆ చెయ్యి ఇరవై ఏడేళ్లు పట్టుకున్నాను. నా చేతిలో సగమని లెక్కవేశాను, నీ బియ్యానికి అది సరిపోయింది, నేను నమ్మాను. ఆమెది అంతకన్నా చిన్నదని నువ్వు రాస్తే తెలిసింది. ఇప్పుడు రోజూ బియ్యంలో చెయ్యి పెట్టి, ఇంతా, ఇంతా అని చూసుకుంటాను. గుర్తు రావడం లేదు.

తొమ్మిదో తేదీ సోమవారం ఆమె జ్ఞాపకార్థ కూడిక. నువ్వూ బావా ఆదివారమే రండి. ఓళిగలు చేసుకు రా, బావ తింటాడు, నేను చిన్న ముక్క తింటాను.

కుండలోవి నువ్వు మూట కట్టిన రోజు ఆమె బియ్యం చూశావు. ఆమెతో కలిసి వండావు. నీకు తెలిసి ఉంటుంది. వచ్చాక, బియ్యంలోంచి ఆమె తీసేటంత తీసి నాకు చూపించు. ఆ రోజు అంతే వండుకుంటాను.

నీ తమ్ముడు
జకరయ్య